వెనక పట్టీ

సీట్ల వెనక పలక ఎత్తి, బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, దాని కొనకు పాత గుడ్డ చుట్టాక గాని ఉస్తా నసీఫ్ కారులోకి దిగలేదు. ఆ తరవాత అతను చేసేది అత్తారీన్ సందులో అందరూ నలభై ఏళ్ళుగా చూస్తున్నదే అయినా, కొత్తవాడెవడైనా ఆ దారిన పోతుంటే నిలబడి చూసి నవ్వుకునేవాడు. నడుము సీటు అంచున ఆనించి, కాళ్ళు రెండూ సీటు మీదుగా వెనక్కి వేలాడేసి, తల కిందికి జార్చి, పెడళ్ళ పక్కనుంచి డాష్‌బోర్డు కిందికి దూరిపోతాడు. ఇక బయటికి కనిపించేవి రెండు మోకాళ్ళూ రెండు పాదాలే. సందులో పనివాళ్ళు ఆ పాదాలతోనే మాట్లాడతారు. లోపలినుంచి జవాబొస్తుంది.

ఆ రోజు ఆ పాదాలకు బూట్లు లేవు, ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులున్నాయి. బూట్లు కూతురు ఇరీనీ దాచేసింది.

"బూట్లు లేకుండా ఎలా వెళ్తావో నేనూ చూస్తాను నాన్నా," అంది పొద్దున, నడుం మీద చేతులు పెట్టుకుని.

"కాళ్ళు దాచలేదుగా," అన్నాడు నసీఫ్.

ఆమె బాల్కనీలోకి వచ్చి, వీధి వీధంతా వినేలా అరిచింది. "డాక్టరు వంగొద్దన్నాడు! నీ గుండె నీ మాట వినదు!"

"వంగను. పడుకుని చేస్తాను," అని కిందినుంచి అరిచి, చెప్పులు టపటపలాడించుకుంటూ ట్రాము స్టేషనుకి నడిచాడు.

అతనికి అరవై తొమ్మిది. ముఖం సన్నం, మీసం తెలుపు, కుడి మణికట్టు లోపలివైపు చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చటి సిలువ. వేళ్ళు మాత్రం ఆ ఒంటికి అతకనట్టు పొడుగ్గా, వాయిద్యగాడి వేళ్ళలా ఉంటాయి. వాటితో వాయించింది ఏమీ లేదు. ఏ బండి కిందనైనా, కంటికి కనబడని చోట, తడిమి మరలు బిగించడం వాటి పని. పన్నెండో ఏట ఒక గ్రీకు మేస్త్రీ దగ్గర పనికి చేరాడు. ఆ మేస్త్రీ ఓడెక్కి తన దేశం వెళ్ళిపోయాక, హాజ్ మెహ్రెజ్ షెడ్డులోకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో వేల బండ్ల లోపల తల పెట్టాడుగాని సొంతానికి ఒక్క బండీ కొనుక్కోలేదు. బండిని అతను ఎప్పుడూ కిందినుంచే చూశాడు.

సందులో అతనికి ఇంకో పేరుంది. 'కుదరదు ఉస్తా', అంటే కుదరదనే మేస్త్రీ. ఆ పేరు సైన్యంలో ఉన్నప్పుడే మొదలైందంటారు. అప్పుడు వర్క్‌షాపులో ఒక అధికారి లారీ కాగితం తెచ్చి, బ్రేకులు బాగున్నాయని సంతకం పెట్టమన్నాడు. బాగాలేవు. నసీఫ్ పెట్టలేదు. ఇరవై ఒక్క రోజులు గదిలో వేసి తాళం పెట్టారు. ఇరవై రెండో రోజున బయటికి తెచ్చి, అదే కాగితం అతని ముందు పెట్టారు. "కొత్త బ్రేకులు వేశారా?" అని అడిగాడట. వెయ్యలేదు. మళ్ళీ లోపలికి తీసుకుపోయారు.

ఇవాళ్టి బండి ఇంగ్లీషువాళ్ళ ఎంజీ. రెండే సీట్లు, ముదురు ఎరుపు, మడిస్తే వెనక్కి పోయే గుడ్డ పైకప్పు. పొద్దున దీన్ని తీసుకొచ్చినవాడు తామెర్ అనే నలభై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, చెవి దగ్గర ఫోను. డాష్‌బోర్డు మధ్యలో రేడియో ఉన్న పలక బయటికి వేలాడుతోంది. వేలితో తాకితే ఊడబోయే పన్నులా ఊగుతోంది.

"జిగురు పెట్టి అతికించెయ్యండి. నాలుగింటికి కైరో నుంచి బండి కొనే మనిషొస్తాడు. అప్పటిదాకా ఊడిపోకుండా ఉంటే చాలు," అన్నాడు తామెర్, ఫోను చెవినుంచి తియ్యకుండానే.

"అయిపోయిందనుకోండి తామెర్ బే," అన్నాడు షాకిర్. హాజ్ మెహ్రెజ్ కొడుకు. తండ్రి పోయాక ఇప్పుడు షెడ్డు అతనిది. మంచివాడే, కాకపోతే తండ్రి దగ్గర పొట్ట ఒక్కటే నేర్చుకున్నాడని సందులో వాళ్ళంటారు.

నసీఫ్ రేడియో గుండీలు రెండూ లాగి, వాటి వెనక నట్లు విప్పి, పలక ఊడదీశాడు. పలకకి నాలుగు మూలలా మరలుండాలి. రెండే ఉన్నాయి. అవి కూడా చెక్కలో బిగించే మరలు. ఎవడో ఇనప రేకులోకి సుత్తితో కొట్టాడు. రంధ్రాలు సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చేశాయి. రేడియో కింద సిగరెట్ పెట్టె అట్ట మడిచి కుక్కారు.

"ఎవడురా ఈ పని చేసింది, పాపిష్టివాడు," అని గొణుక్కుంటూ తల ఇంకా లోపలికి జరిపి, చిన్న టార్చి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

అప్పుడు కనబడింది. రేడియో బరువంతా ముందు పలక మీదే వేలాడుతోంది. అలాంటి రేడియోకి వెనకనుంచి ఒక ఇనప పట్టీ ఉండాలి. ఇంజను గదికీ మనుషుల గదికీ నడుమనున్న గోడకి అది బిగిసి ఉంటుంది. బరువు మోసేది అదే, ముందు పలక అందం కోసం. ఆ పట్టీ ఇక్కడ లేనేలేదు. గుంటల్లో పడ్డప్పుడల్లా రేడియో ఊగింది, ఊగినప్పుడల్లా కరెంటు తీగ రేకు అంచుకి రాసుకుంది. తీగ తొడుగు తెగి రాగి బయటపడింది. దాని చుట్టూ రేకు మీద నల్లటి మసి. కింద తివాచీ అంచు కాలి ముడుచుకుపోయింది.

నసీఫ్‌కి ఛాతీ ఎడమవైపు కాస్త బరువెక్కింది. అది తగ్గేదాకా ఆగి, మెల్లగా బయటికి జారి సీటులో కూర్చున్నాడు.

"షాకిర్! ఇలా రా."

షాకిర్ వచ్చాడు.

"దీనికి జిగురు పెట్టి మూస్తే ఎవడైనా రేడియో వేసుకుని ఎడారి రోడ్డెక్కిన రోజున ఒళ్ళో మంట లేస్తుంది. తీగ మార్చాలి. పట్టీ చెయ్యాలి. నాలుగు మరలూ సరైనవి వెయ్యాలి."

"బాబాయ్, వాళ్ళడిగింది జిగురు."

"కుదరదు."

"ఎవడో కైరోవాడు కొనుక్కుపోతాడు. మళ్ళీ మన ముఖం చూస్తాడా, వాడి ముఖం మనం చూస్తామా?"

"కైరోవాడికి ఒళ్ళు కాలదా?"

షాకిర్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "తామెర్ బే చేతిలో ఇలాంటివి ఇంకా ఐదారు బండ్లున్నాయి. ఇది సాఫీగా అమ్ముడుపోతే అన్నీ మన దగ్గరికే పంపుతానన్నాడు. షెడ్డు పరిస్థితి నీకు తెలుసు. ఒక్క రోజు, ఒక్క జిగురు డబ్బా. నా కోసం."

"నీ కోసమే చెప్తున్నాను."

"నేను యజమానిని బాబాయ్."

"కాదన్నానా? డబ్బా అదిగో, చేతులు నీకూ ఉన్నాయి. దూరు మరి."

షాకిర్ కారు సీటు వంక చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు. ఎదురు షెడ్డులో రంగులేసే మనిషి ఫక్కున నవ్వాడు. షాకిర్ ముఖం జేవురించింది.

"సరే. ఇవాళ జిగురు పెట్టకపోతే రేపటినుంచి రాకు."

నలభై ఏళ్ళలో ఆ మాట తండ్రి కూడా అనలేదు. అన్నాక షాకిరే కాస్త తడబడ్డాడు. నసీఫ్ మాత్రం తన పెట్టె తెరిచి, లోపల ఏదో వెతుక్కుంటున్నాడు.

"రేపటి సంగతి రేపు. ఇవాళ బండి నా చేతిలో ఉంది," అన్నాడు.

మూలనున్న ఇనప ముక్కల్లోంచి రెండు వేళ్ళ వెడల్పు బద్ద ఒకటి ఏరుకున్నాడు. బల్ల మీది వైసు దవడల మధ్య బిగించి రంపంతో కోశాడు. ఆరుసార్లు కొయ్యడం, ఒకసారి ఆగడం. ఆగినప్పుడల్లా వైసు మీద చెయ్యి ఆనించి, బల్ల మీద దుమ్ము చూస్తున్నట్టు నిలబడేవాడు. కోసిన అంచుల్ని ఆకురాయితో నున్నగా రాశాడు, ఎప్పుడో ఎవడైనా అటు చెయ్యి పెడితే గీరుకోకూడదని. పళ్ళ మధ్య పెట్టుకున్న పెన్సిలు ముక్కతో గుర్తు పెట్టి, రెండు చివర్లా రంధ్రాలు వేశాడు. సుత్తితో మెల్లమెల్లగా కొట్టి వంచాడు. తీసుకెళ్ళి చూశాడు, వెంట్రుకవాసి తక్కువ వంగింది. మళ్ళీ వంచాడు. మధ్యలో రొట్టెలో ఉడికించిన బాకలా చిక్కుడు గింజలు పెట్టుకుని నిలబడే తిన్నాడు. చర్చి ఉపవాసాలు మొదలై మూడో రోజు, పాలూ గుడ్డూ మానేసి. అసలు డాక్టరు కూడా అవే మానెయ్యమన్నాడుగాని, నసీఫ్ మానింది డాక్టరు మాట విని కాదని ఇరీనీకి గట్టిగా చెప్పాడు.

రెండున్నరకి మళ్ళీ కాళ్ళు పైకీ తల కిందికీ అయి ఉండగా, చెప్పుల దగ్గర ఒక ఆడగొంతు వినిపించింది.

"లోపల ఎవరు?"

"పని చేసేవాణ్ణి."

"నేను దౌలత్‌ని. ఈ బండి నాది. అందులో మావారి సామాను కొంచెం ఉండిపోయింది, తీసుకుపోదామని వచ్చాను."

నసీఫ్ తల ఎత్తబోయి నుదురు రేకుకి కొట్టుకున్నాడు. "బండి తామెర్ బేది కాదా?"

"తామెర్ మా చెల్లెలి కొడుకు. అమ్మిపెడతానన్నాడు." కాస్త ఆగి, "వసంతంలో గ్లీమ్ దగ్గర డాష్‌బోర్డులోంచి పొగొచ్చింది. ఈ బండి ముసలిదైపోయింది పెద్దమ్మా, ఏదో ఒక రోజు నిన్ను పెట్టుకుని తగలబడిపోతుంది అన్నాడు. అప్పట్నుంచి తాళం ముట్టుకోలేదు," అంది.

నసీఫ్ ఒక్కొక్క కాలే దించుకుంటూ బయటికొచ్చాడు. ఎదురుగా పొడుగ్గా, నిటారుగా ఒక పెద్దామె. మెడలో నీలం స్కార్ఫు, చేతిలో ఖాళీ సంచి. ఆడపిల్లల బడిలో ముప్ఫై మూడేళ్ళు భూగోళం చెప్పిన మనిషి. ఎవరి ముందు నిలబడ్డా తరగతి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. వెనక షాకిర్ గుమ్మంలోకొచ్చి, నసీఫ్ వంక చూస్తూ చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, చెప్పొద్దు.

నసీఫ్ కోసి తీసిన తీగ ముక్కని ఆమె అరచేతిలో పెట్టాడు.

"మీ పొగ ఇదే మేడమ్."

ఆమె కళ్ళజోడు దించి చూసింది. జానెడు తీగ, ఒకచోట నల్లగా కమిలిపోయి.

"ఇంతేనా?"

"ఇంతే. బండికి జబ్బేమీ లేదు. రేడియోకి వెనక పట్టీ లేదు. ఉంటే ఈ తీగ కదిలేదే కాదు. ఇంజను విన్నాను, నాకంటే బాగుంది."

"తగలబడదా?"

"జిగురు పెడితే తగలబడేది. నేను పెట్టలేదు."

గుమ్మంలో షాకిర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. దౌలత్ మేడమ్ ఆ తీగ ముక్కని అటూ ఇటూ తిప్పింది. ఆమె దవడ బిగుసుకోవడం నసీఫ్ చూశాడు.

"ఎనిమిది నెలలు," అంది చివరికి. "ఎనిమిది నెలలు టాక్సీల్లో తిరిగాను, ముసలిదాన్నైపోయాను కదా అని." చూపు అతని చెప్పుల మీద పడింది. "నిన్ను కూడా ఇంట్లో కూర్చోమంటున్నారా?"

"ఎలా తెలిసింది?"

"ఇంటి చెప్పులతో బడికొచ్చిన పిల్లలంటే తప్పించుకొచ్చినవాళ్ళే. ముప్ఫై మూడేళ్ళు చూశాను."

నసీఫ్ నవ్వాడు. నవ్వితే పై పన్ను ఒకటి లేదని తెలుస్తుంది. "మా అమ్మాయి బూట్లు దాచింది."

"కానియ్యి మరి. నాలుగింటికల్లా అయిపోవాలి," అని ఆమె ఒక స్టూలు లాక్కుని కారు పక్కనే కూర్చుంది.

కొత్త తీగకి తొడుగు వేసి, అది దూరే రంధ్రానికి రబ్బరు వలయం పెట్టాడు. మధ్యలో ఒక ఫ్యూజు చేర్చాడు. నాలుగు మూలల రంధ్రాల వెనకా స్ప్రింగు నట్లు తొడిగాడు. రేడియోని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లోపలికి తోశాడు. పట్టీ ఒక చివర రేడియో వీపుకి, రెండోది గోడకి. అది బిగించడానికి తలకిందులుగా ఒంటిచేత్తో పావుగంట పట్టింది. ఆ పావుగంటలో రెండుసార్లు అతని చెయ్యి బోల్టు మీదే ఆగిపోయింది. జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్రలున్నాయి. వాటిని తియ్యాలంటే బోల్టు వదలాలి. వదల్లేదు.

తరవాత పలక, నాలుగు మరలు, నట్లు, గుండీలు. బ్యాటరీ తీగ తగిలించి, తాళం తిప్పి, గుండీ నొక్కాడు. రేడియో వేడెక్కడానికి కొంచెంసేపు పట్టింది. గరగరమంటూ ఒక గొంతు లేచింది. ఫుట్‌బాల్ ఆట. వాళ్ళ ఊరి జట్టు కైరోవాళ్ళ మీద ఆడుతోంది, ఒక గోలు వెనకబడి ఉంది.

నసీఫ్ బొటనవేలితో పలకని మూలమూలా నొక్కాడు. గోడని నొక్కినట్టుంది.

నాలుగింటికి తామెర్ వచ్చేసరికి దౌలత్ మేడమ్ డ్రైవరు సీటులో కూర్చుని ఉంది. తామెర్ వెంట నల్లకళ్ళద్దాల మనిషి ఒకడు కారు చుట్టూ తిరిగి, బానెట్ నిమిరి, "మాషా అల్లా" అన్నాడు.

"నువ్వెందుకొచ్చావు పెద్దమ్మా? నేను చూసుకుంటున్నానుగా," అన్నాడు తామెర్.

"నా బండి నడపడానికొచ్చాను. ఇది అమ్మడం లేదు."

"మాటిచ్చాం!"

"ఇచ్చావు. నువ్వు."

"నీ వయసేంటి, ఈ బండేంటి పెద్దమ్మా! ఏదైనా అయితే—"

"నా వయసు డెబ్భై రెండు. బండి వయసు నలభై నాలుగు. దాన్ని నేను చూసుకుంటాను, నీ ఫోను నువ్వు చూసుకో." నల్లకళ్ళద్దాల మనిషి వైపు తిరిగి, "మిమ్మల్ని అంత దూరంనుంచి రప్పించాడు, క్షమించండి. వచ్చారు కాబట్టి చేపలు తిని వెళ్ళండి. మీ ఊళ్ళో దొరకవు," అంది.

రంగులేసే మనిషి మళ్ళీ నవ్వాడు. తామెర్ షాకిర్ని పక్కకి పిలిచి, వేలు చూపించి చూపించి ఏదో అన్నాడు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక షాకిర్ నసీఫ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అయిపోయింది. వాడు ఇక మన గుమ్మం తొక్కడు."

"తొక్కకపోతే గుమ్మం అరగదు."

"వెక్కిరించకు బాబాయ్. రేపటినుంచి రావద్దన్నాను. ఊరికే అన్నాననుకోకు."

నసీఫ్ చేతులు గుడ్డకి తుడుచుకుని, ఆ గుడ్డని మేకుకి తగిలించాడు. "ఎనిమిదింటికొస్తాను. తలుపు తీసి ఉంచు."

"రావద్దంటుంటే!"

"విన్నాను. తీసి ఉంచు."

దౌలత్ మేడమ్ పక్క సీటు తలుపు తోసి తెరిచింది. "ఎక్కు ఉస్తా. ట్రాము దాకా దింపుతాను. దారిలో ఊడిపోతే నువ్వే పట్టుకోవాలి."

అతను ఎక్కాడు. బాగుచేసిన బండిలో మనిషిలా నిటారుగా కూర్చుని పోవడం అతనికి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత అనుభవం. మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతులు వాటి మీద ఉంచుకుని కూర్చున్నాడు. సముద్రం ఒడ్డు రోడ్డుకి రాగానే ఆమె గేరు మార్చి వేగం పెంచింది. మధ్యాహ్నం కురిసిన వాన తడి ఇంకా ఆరలేదు. గోడ మీదినుంచి అలల తుంపర అద్దం మీద పడుతోంది. క్యాంపు సీజర్ దగ్గర గుంటలొచ్చాయి. బండి ఎగిరెగిరి పడింది. నసీఫ్ మెడ వంచి చెవి పలక వైపు పెట్టాడు. ఇంజను చప్పుడుంది, గాలి చప్పుడుంది, రేడియోలో గోల ఉంది. పలకనుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె ఓరగా చూసి, కావాలనే ఇంకో గుంటలోంచి పోనిచ్చింది.

"ఇంకో గోలు తిన్నారు," అంది ఆమె, రేడియో విని. "ఇక ఓడినట్టే."

"ఇంకా పన్నెండు నిమిషాలుంది మేడమ్."

"పన్నెండు నిమిషాల్లో రెండు గోల్సా?"

"ఏం, కుదరదా?" అన్నాడు నసీఫ్. ఆ మాట తన నోట ప్రశ్నలా వచ్చినందుకు తనకే నవ్వొచ్చింది.

సీదీ గాబర్ దగ్గర దిగాడు. ఆమె పట్టీకి ఎంతివ్వాలని అడిగితే, షాకిర్‌కివ్వమన్నాడు. తలుపు మెల్లగా వేశాడు, పాత బండి తలుపు ఎలా వెయ్యాలో అలా. ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా చూసి, ట్రాము స్టేషనులో బల్ల మీద కూర్చున్నాడు.

ఇంటివైపు, బాకోస్ వెళ్ళే నీలం ట్రాము వచ్చింది. అతను లేవలేదు. పక్కన కూరగాయల సంచితో కూర్చున్నామె, ముసలాయన కునుకు తీస్తున్నాడనుకుంది. రెండో ట్రామూ వచ్చి వెళ్ళింది. మూడోది వచ్చినప్పుడు, పాపం ఇదీ పోగొట్టుకుంటాడని ఆమె అతని భుజం తట్టింది. అప్పటికే వీధి దీపాలు వెలిగాయి. జేబులో మాత్రల సీసా మూత తియ్యనేలేదు.

మర్నాడు షాకిర్ ఏడున్నరకే వచ్చి తలుపు తీశాడు. అతను అంత పొద్దున తలుపు తియ్యడం సందులో ఎవరూ చూడలేదు. రెండు టీలు తెప్పించాడు. ఇరీనీ ఫోను ఎనిమిదీ పదికి వచ్చింది.

శవపేటిక మోసినవాళ్ళలో ముందు వరస షాకిర్‌ది. చర్చిలో ఏం చెయ్యాలో తెలియక పక్కవాణ్ణి చూసి లేస్తూ కూర్చుంటూ ఉన్నాడు. దౌలత్ మేడమ్‌కి వారం తరవాత గాని తెలియలేదు, పట్టీ డబ్బు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. షాకిర్ ఆ డబ్బు పుచ్చుకోలేదు.

నలభయ్యో రోజు ప్రార్థనకి ఆమె తన బండిలోనే వెళ్ళింది. దారిలో ట్రాము పట్టాల దగ్గర ఎవడో సైకిలువాడు అడ్డం రాగా గట్టిగా బ్రేకు వేసింది. రేడియోలో ఎవరో వాతావరణం చదువుతున్నారు. అది ఆగలేదు, పలకా కదల్లేదు. పక్క సీటు కిందినుంచి మాత్రం ఏదో దొర్లుకుంటూ వచ్చి తివాచీ మీద ఆగింది. బొటనవేలంత పెన్సిలు ముక్క, కత్తితో చెక్కినది, వెనక కొన మీద పంటిగాట్లున్నది.